కోత ఇద్దరిది, రాత ఒక్కరిది

ఆపరేషన్‌కు కోడ్ ఎంచే మనిషి ముందుగా తెరవాల్సింది ఓటీ నోట్స్, అంటే ఆపరేషన్ థియేటర్‌లో జరిగినదాని గురించి సర్జన్ రాసిన వివరం. కడుపు తెరిచాక లోపల ఏం కనిపించింది, ఎవరు ఏ పని చేశారు, ఏది తీశారు, ఏది ఉంచారు అన్నది అందులో ఉంటుంది. అది చదివాక కోడ్, కోడ్ తేలాక రేటు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇన్నేళ్లుగా మేం చేసింది దీనికి పూర్తిగా తలకిందులు. ముందు రేటు చూశాం. రేటుకు సరిపడే ఆరోగ్యశ్రీ ప్యాకేజీ పట్టుకున్నాం. ఆ ప్యాకేజీకి తగ్గట్టు కాగితాలు సర్దాం. ఒకే కడుపులో ఇద్దరు సర్జన్లు పనిచేసిన కేసుల్లో ఈ తప్పు మరీ పెరిగింది. ఇద్దరు చేసిన పనిలో ఒకరిదే కాగితం మీదికి వచ్చింది, రెండోది ఎక్కడా లేకుండా పోయింది. నష్టపోయింది ఆసుపత్రి అయితే ఇంత బాధ ఉండేది కాదు. నష్టపోయింది ఆ కడుపు ఎవరిదో ఆ మనిషి.

మేం అంటే ఎవరమో స్పష్టంగా చెప్పాలి. ఆ పథకం నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ప్యాకేజీ ఎంచి ప్రీఆథ్ (ముందస్తు అనుమతి కోరే దరఖాస్తు) పంపే డెస్క్ వాళ్లం. కేస్ షీట్ రాసే డాక్టర్లం. విశాఖలోనో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కూర్చుని అమెరికా ఆసుపత్రుల చార్టులు కోడ్ చేసే పిల్లలం. వాళ్లకు పాఠాలు చెప్పి పరీక్షలకు పంపే నాలాంటి శిక్షకులం. అందరం ఈ జిల్లాల నీళ్లు తాగి పెరిగినవాళ్లమే. అందరికీ ఈ తప్పులో వాటా ఉంది.

నరసన్నపేట, పాలకొండ, రాజాం, బొబ్బిలి, సాలూరు లాంటి ఊళ్ల నుంచి బీఎస్సీ, బీఫార్మసీ చదివిన పిల్లలు ఎందరో ఈ రంగంలోకి వచ్చారు. కోడర్లు రాసే సీపీసీ పరీక్షలో నాలుగు గంటల్లో వంద ప్రశ్నలు. డెబ్బై శాతం వస్తేనే పాస్. పొలం పనులకు పోయే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు శరీర నిర్మాణమంతా ఇంగ్లిష్‌లో నేర్చుకుని ఆ పరీక్ష గట్టెక్కుతున్నారు. వాళ్ల తెలివిని, శ్రమను నేను కళ్లారా చూశాను. అందుకే ఈ మాట చెప్పడానికి మనసు మరింత బరువెక్కుతోంది. ఆ తెలివిలో పిసరంత కూడా మన జిల్లా ఆసుపత్రుల గుమ్మం తొక్కలేదు.

అమెరికా చార్టు ముందు కూర్చున్న పిల్లవాడు ఎంత నిక్కచ్చిగా ఉంటాడో చూడండి. సర్జన్లు చేసిన పనికి అక్కడ వేసేది సీపీటీ కోడ్లు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదటిసారి వాటిని అచ్చువేసింది. కడుపు ఆపరేషన్‌లో ఇద్దరు సర్జన్ల పేర్లు కనిపించగానే మనవాడు ఆగి ప్రశ్నలు వేసుకుంటాడు. ఇద్దరూ ఒకే ఆపరేషన్‌లో చెరో భాగం చేశారా? వెన్నుపూసలను కడుపు వైపు నుంచి కలిపే ఆపరేషన్ ఇందుకు ఉదాహరణ. జనరల్ సర్జన్ కడుపు తెరిచి, పేగులను, పెద్ద రక్తనాళాలను పక్కకు జరిపి దారి చేస్తాడు. వెన్నెముక సర్జన్ పూసలను కలుపుతాడు. అప్పుడు ఇద్దరూ 22558 అనే ఒకే కోడ్ వేసి, పక్కన 62 అనే మోడిఫయర్ పెట్టాలి. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ మామూలు రేటుకు 125 శాతం లెక్కగట్టి చెరి 62.5 శాతం ఇస్తుంది. అయితే ఇద్దరూ ఎవరి నోట్ వాళ్లు విడిగా రాసి ఉండాలి.

ఇద్దరూ చేసింది వేర్వేరు ఆపరేషన్లయితే లెక్క మారుతుంది. గైనకాలజిస్టు గర్భసంచి తీస్తే 58150. అదే బల్ల మీద జనరల్ సర్జన్ పెద్దపేగులో కొంత కోసి కలిపితే 44140. ఎవరి కోడ్ వారిది, అక్కడ 62 పెట్టడం తప్పు. రెండో సర్జన్ సాయం మాత్రమే చేసి ఉంటే 80 అనే మోడిఫయర్, మెడికేర్ ఇచ్చేది 16 శాతం. కడుపు తెరిచి చూడటానికి 49000 అనే కోడ్ ఉన్నా, అదే కోతలో అసలు ఆపరేషన్ కూడా చేస్తే దాన్ని విడిగా వేయకూడదు. వేరే ఆపరేషన్ మధ్యలో, జబ్బేమీ లేకుండా అపెండిక్స్ తీసేస్తే దానికి డబ్బు అడగకూడదు. జబ్బు ఉండి తీస్తే 44955 వేయొచ్చు, కానీ ఆ కారణం నోట్‌లో కనిపించాలి. కడుపు గోడ హెర్నియా కోడ్లు 2023లో మారాక, రంధ్రం ఎన్ని సెంటీమీటర్లో సర్జన్ రాయకపోతే సరైన కోడే తేలదు. నోట్‌లో సందేహం ఉంటే కోడర్ ఊహించడు. డాక్టర్‌కు క్వెరీ పంపి, జవాబు వచ్చేదాకా చార్టు పక్కన పెడతాడు.

ఒహాయోలోనో టెక్సాస్‌లోనో తాము ఎన్నడూ చూడని ముసలావిడ కడుపులో ఎవరి చెయ్యి ఎక్కడ దాకా వెళ్లిందో మా పిల్లలు ఇంత కచ్చితంగా తేల్చగలరు. మరి మెళియాపుట్టిలోనో గజపతినగరంలోనో ఉండే తమ సొంత అమ్మ కడుపులో ఏం జరిగిందని అడిగితే చెప్పలేరు. చెప్పడానికి కాగితంలో ఏమీ ఉండదు. ఆ కాగితం అలా ఉండటానికి కారణం మేమే.

ఈ జిల్లాలకు ఆరోగ్యశ్రీ చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు శ్రీకాకుళం ఉంది. 2008లో విజయనగరం కూడా చేరింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల రూపాయల దాకా వైద్యం అన్నది అప్పటిదాకా ఊహకందని సంగతి. పొలం తాకట్టు పెట్టకుండా, పుస్తెలు అమ్మకుండా ఆపరేషన్ బల్ల ఎక్కవచ్చని జనం మొదటిసారి నమ్మారు. ప్రభుత్వాలు మారి పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా, మళ్లీ ఆరోగ్యశ్రీగా, తిరిగి ఎన్టీఆర్ వైద్యసేవగా మారినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. కార్డు పట్టుకుని వచ్చిన మనిషి డెస్క్ దగ్గర నిలబడి, తన గురించి మేం రాసేదంతా నిజమేనని అనుకుంటుంది. ఆ నమ్మకానికి మేం తగినవాళ్లం కాలేదు.

ప్యాకేజీలన్నీ విభాగాల వారీగా ఉంటాయి. జనరల్ సర్జరీవి ఒకచోట, గైనకాలజీవి ఒకచోట, జీర్ణకోశ శస్త్రచికిత్సలవి మరోచోట. మనిషి కడుపులో అలాంటి గోడలు లేవు. అండాశయంలో గడ్డ అని బల్ల ఎక్కించిన మనిషికి కడుపు తెరిచాక ఆ గడ్డ పేగుకు అతుక్కుని కనిపిస్తుంది. గైనకాలజిస్టు ఆగిపోయి, పక్క థియేటర్‌లో ఉన్న జనరల్ సర్జన్‌ను పిలిపిస్తుంది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, పేగు విడదీసి, దెబ్బతిన్న చోట కుట్టి, అవసరమైతే ముక్క కోసి కలిపి వెళ్లిపోతాడు. ఆయన అక్కడ ఉన్నది గంటన్నర. ఆ గంటన్నరే ఆ మనిషి ప్రాణం నిలిపింది.

తర్వాత కాగితం మా డెస్క్‌కు వస్తుంది. ప్రీఆథ్ అండాశయం గడ్డకే తీసుకున్నాం. ఇప్పుడు పేగు పని చేర్చాలంటే మళ్లీ అనుమతి కావాలి, రెండో సర్జన్ నోట్ కావాలి, ఫొటోలు కావాలి, క్వెరీ వస్తే జవాబు చెప్పాలి. రెండో సర్జన్ అప్పటికే మరో ఆసుపత్రికి వెళ్లిపోయి ఉంటాడు. ఆయన నోట్ రాయలేదు, మేం అడగలేదు. ఏ ప్యాకేజీకి అనుమతి వచ్చిందో ఆ పేరుతోనే క్లెయిమ్ పంపేశాం. ఇంకా ఘోరం ఏమిటంటే, డిశ్చార్జ్ సమ్మరీని కూడా ఆ క్లెయిమ్‌కు సరిపోయేలా కుదించాం. క్లెయిమ్‌లో ఒక మాట, సమ్మరీలో మరో మాట ఉంటే ఆడిట్‌లో దొరుకుతామని భయం. ఆ భయంతో పేషెంట్ చేతికిచ్చే కాగితంలోంచి పేగు ఆపరేషన్‌నే తీసేశాం.

దీనికి ఎదురు తప్పు కూడా మేం చేశాం. ఒకే సర్జన్ ఒకే పని చేసినచోట ఇద్దరు చేసినట్టు, రెండు పనులు జరిగినట్టు రాశాం. అసలు ఆపరేషన్‌లో భాగమైన అతుకులు విడదీయడాన్ని వేరే పనిగా చూపించాం. చేతికి అందిందని తీసిన అపెండిక్స్‌కు జబ్బు అంటగట్టాం. ఒకచోట చేసిన పనిని దాచాం, ఇంకోచోట చేయని పనిని రాశాం. రెండింటికీ మూలం ఒక్కటే. ఓటీ బల్ల మీద జరిగినదానికంటే క్లెయిమ్ తేలిగ్గా గట్టెక్కడమే మాకు ముఖ్యమైంది.

మెళియాపుట్టి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ సంగతి చెబుతాను. కుడి పక్క పొత్తికడుపులో నొప్పి. ప్లాస్టిక్ కవర్లో కార్డు, రెండు స్కాన్ ఫిల్ములు, మడతల దగ్గర చిరిగిన డిశ్చార్జ్ కాగితం. ఎప్పుడో జరిగిన ఆపరేషన్ గురించి డాక్టర్ అడిగితే ఆమె మా డెస్క్ వైపు చూసింది. "సంచి తీసీసినారు బాబూ. ఇంకేటి తీసినారో మాకేటి తెలుస్తాది? కాయితంలో రాసుంటారు కదా, సూడండి" అంది. కాగితం చూశాం. ప్యాకేజీ పేరు, తేదీ, రోగి పరిస్థితి నిలకడగా ఉందన్న ఒక వాక్యం, నాలుగు మందుల పేర్లు. అండాశయాలు ఉంచారో తీశారో లేదు. అపెండిక్స్ ఉందో లేదో లేదు. పేగు మీద చెయ్యి పడిందో లేదో లేదు. బయాప్సీకి పంపిన ముక్క రిపోర్టు జత లేదు. కడుపు మీద మాత్రం రెండు కోతల మచ్చలు ఉన్నాయి.

అపెండిక్స్ ఉందా అన్నది ఆ పూట ఆ సర్జన్‌కు చదువు ప్రశ్న కాదు. ఉంటే ఒక దారి, లేకపోతే మరో దారి. లోపల పేగు కలిపిన చోటు ఉంటే కోత ఎక్కడ పెట్టాలో మారుతుంది. అండాశయాలు చిన్న వయసులోనే తీసేసి ఉంటే ఆమె ఎముకల గురించి, గుండె గురించి వేరే జాగ్రత్తలు తీసుకోవాలి. ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. దాని కోసం ఆమె మళ్లీ స్కాన్లకు తిరగాల్సి వచ్చింది, ఒక రాత్రంతా నొప్పితో మంచం మీద మెలికలు తిరిగింది. ఆమెకు రాయాల్సిన వాక్యాన్ని దాచుకున్నది మా వృత్తి. నాతో సహా ఆ డెస్క్ దగ్గర ఉన్నవాళ్లలో ఒక్కరం కూడా ఆమె ముఖంలోకి సూటిగా చూడలేకపోయాం.

ఇలాంటి కడుపులు మన దగ్గర ఎన్నో ఆలోచించండి. పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న రాష్ట్రం మనది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశం మొత్తం మీద చూస్తే అది 3.2 శాతమే. అంటే మన ఊళ్లలో నడివయసు దాటని ఆడవాళ్ల కడుపు మీద ఒకటికి మించి కోతలు ఉండటం మామూలు సంగతి. ప్రతి తర్వాతి సర్జన్‌కూ ముందు సర్జన్ల రాత కావాలి. ఆ రాత అత్యవసరమైన రాష్ట్రంలోనే మేం దాన్ని అందరికంటే పొట్టిగా రాశాం.

అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారని డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఏ వయసులో, ఏ కారణంతో, ఎక్కడ తీశారన్న లెక్క నడవాలని ఆ మార్గదర్శకాలు కోరుతున్నాయి. ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? మేం వేసే కోడ్ల నుంచే వస్తుంది. రేటు చూసి వేసిన కోడ్ ఆ లెక్కలోకి కూడా తప్పుగానే వెళుతుంది. గర్భసంచితో పాటు అండాశయాలు పోయిన మనిషి ఒక్క గర్భసంచి ఖాతాలో పడుతుంది. పేగు జబ్బు వల్ల కడుపు తెరిచిన మనిషి గైనిక్ ఖాతాలో పడుతుంది. ఈ జిల్లాల ఆడవాళ్లకు ఏం జరుగుతోందని రేపు ఎవరైనా నిజాయతీగా వెతికినా, మేం చెడగొట్టిన అంకెలే వాళ్ల చేతికి వస్తాయి.

ఇన్నాళ్లూ మాకు మేం చెప్పుకున్న సాకులు కొన్ని ఉన్నాయి. వాటినీ ఎదుర్కోవాలి. బకాయిలు రావడం లేదన్నది మొదటిది. అది నిజమే. బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన రోజులు 2024లో చూశాం, 2025లో చూశాం. జీతాలు ఆలస్యమైన డెస్క్ ఉద్యోగికి ఒక్క క్లెయిమ్ తిరిగొచ్చినా గుబులే. కానీ బకాయి పడింది ప్రభుత్వం. ఆ కోపాన్నీ భయాన్నీ పేషెంట్ కాగితం మీద తీర్చుకునే హక్కు మాకు ఎవరూ ఇవ్వలేదు.

పేషెంట్ ఒక్క రూపాయి కట్టలేదు కదా, ఆమెకేం నష్టం అన్నది రెండో సాకు. దీన్ని మించిన అన్యాయమైన మాట మా నోట రాలేదు. డబ్బు కట్టినవాళ్లు ఫైలు అడిగి తీసుకుంటారు, తేడా ఉంటే నిలదీస్తారు. కార్డు మీద వచ్చినవాళ్లు దండం పెట్టి వెళ్లిపోతారు. ఎవరు నిలదీయలేరో వాళ్ల కాగితమే ఎక్కువ జాగ్రత్తగా రాయాలి. మేం సరిగ్గా వాళ్ల దగ్గరే అశ్రద్ధ చేశాం.

రెండు పనులు రాయడానికి పథకంలో వీలు లేదన్నది మూడో సాకు. ఇది పూర్తి నిజం కాదు. 2018 సెప్టెంబర్‌లో మొదలైన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌లో ఒకే సిట్టింగ్‌లో ఒకటికి మించి ఆపరేషన్లు జరిగితే పెద్ద ప్యాకేజీకి 100 శాతం, రెండోదానికి 50, మూడోదానికి 25 శాతం ఇస్తారు. ఏ పని ఎందుకు చేశారో కాగితం చూపించాలి, అంతే. ఆ కాగితం పుట్టించడమే మేం మానేశాం. పోనీ రెండో పనికి డబ్బు రాదనే అనుకుందాం. డబ్బు రాని పనిని పేషెంట్ డిశ్చార్జ్ సమ్మరీలో రాయకూడదని పథకం నడిపే ఏ ట్రస్టూ చెప్పలేదు. క్లెయిమ్‌ను, వైద్య చరిత్రను ఒకటిగా కలిపేసింది మేమే.

డాక్టర్ల వాటా గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఆన్ టేబుల్ పిలిస్తే వచ్చి ప్రాణం నిలిపిన సర్జన్లు పది వాక్యాల నోట్ రాయడానికి బద్ధకించారు. పిలిచినవాళ్లు కూడా తమ నోట్‌లో ఆయన పేరు రాయడానికి వెనకాడారు. తమ చేతిలో పేగు దెబ్బతిందని జనం అనుకుంటారేమో అన్న భయం అందుకు కారణం. అతుక్కుపోయిన గడ్డ విడదీసేటప్పుడు పేగు చిరగడం నేరం కాదు. దాన్ని రాయకపోవడం నేరం. చిన్న ఊరి వృత్తిలో ఒకరినొకరు కాపాడుకోవాలన్న మర్యాద, పేషెంట్‌ను కాపాడాలన్న ధర్మాన్ని మింగేసింది.

ఇక శిక్షకులం. తరగతిలో మేం చెప్పే మొదటి పాఠం, రాయని పని చేయని పని కిందే లెక్క. అమెరికా చార్టుకు ఆ పాఠం సరిపోతుంది. రాయని పనికి అక్కడ డబ్బు రాదు, కాబట్టి మర్నాటికి రాస్తారు. ఇక్కడ రాయకపోయినా పని జరిగిపోయింది, అండాశయం పోయింది, పేగు పొట్టిదైంది. ఈ తేడాను మేం ఒక్క బ్యాచ్‌కు కూడా విడమరిచి చెప్పలేదు. 62కు 80కి తేడా రాత్రింబవళ్లు నూరిపోశాం. మన పథకాల ప్యాకేజీ పుస్తకాన్ని తరగతి గదిలో ఒక్కసారి తెరవలేదు. దాని మీద ఉద్యోగాలు లేవని, జీతాలు తక్కువని వదిలేశాం. అందుకే డెస్క్ మీద కూర్చునే ఉద్యోగికి ఓటీ నోట్స్ చదవడం రాదు, చదవడం వచ్చిన పిల్లవాడు డెస్క్ మీద ఉండడు. ఈ ఖాళీని దేశం, రాష్ట్రం, ట్రస్టు సృష్టించాయని చేతులు దులుపుకోలేం. తరగతి గది మా చేతిలోనే ఉంది.

మేం ఏం చేయాలో మాకు తెలుసు, కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. ఇద్దరు సర్జన్లు ఒక కడుపులో పనిచేస్తే రెండు నోట్లు ఉండాలి. ఎవరి నోట్ కింద వాళ్ల సంతకం ఉండాలి. రెండో నోట్ లేనిదే పేషెంట్‌ను డిశ్చార్జ్ చేయకూడదు. సందేహం వస్తే డాక్టర్‌ను అడిగే హక్కు డెస్క్ ఉద్యోగికి ఉండాలి, అడిగినందుకు కసురుకోకూడదు. ఏం తీశారు, ఏం ఉంచారు, ఎక్కడ కుట్టారు అన్న మూడు ముక్కలు పేషెంట్ కాగితంలో తెలుగులో ఉండాలి. ఇంటికి పంపేముందు ఆమెకు, ఆమె వెంట వచ్చినవాళ్లకు చదివి వినిపించాలి. బయాప్సీ రిపోర్టు నకలు ఆ కవర్లో ఉండాలి. కోచింగ్ ఇచ్చే మేం అమెరికా కోడ్లతో పాటు మన ప్యాకేజీలనూ, మన డిశ్చార్జ్ సమ్మరీలనూ పాఠంగా పెట్టాలి. విశాఖలో షిఫ్టు చేసే పిల్లలు సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మ కాగితాలు, పిన్ని కాగితాలు తీసి చదవాలి. లేని వివరాలేమిటో రాసుకుని, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లి కేస్ షీట్ నకలు అడగాలి. అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచీ చెబుతోంది. ఆ నియమం మాలో చాలామందికి తెలుసు. తెలిసీ మా పేషెంట్లకు చెప్పలేదు.

ఇవి చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులు విడుదల కావాల్సిన పని లేదు. ఒక కేసుకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఇన్నేళ్లు మేం ఇవ్వలేదు. ఎవరూ మమ్మల్ని ఆపలేదు కాబట్టి ఎవరి మీదా నెట్టలేం. శ్రీకాకుళం, విజయనగరం ఆడవాళ్ల కడుపుల మీద మచ్చలకు లెక్క చెప్పాల్సిన బాధ్యత మాది. పాత కాగితాలన్నిటినీ ఇప్పుడు సరిదిద్దలేకపోవచ్చు. రేపు పొద్దున్న బల్ల ఎక్కే మనిషి కాగితాన్ని మాత్రం ఉన్నదున్నట్టు రాయగలం. అది కూడా చేయకపోతే ఇక మమ్మల్ని సమర్థించుకోవడానికి మా దగ్గర ఒక్క మాట కూడా మిగలదు.